రెండో రౌండు

మా షెడ్డులో బాగుచేసిన ఏ బండినైనా ఒకసారి హైవే ఎక్కించి పూర్తి స్పీడులో తోలి చూడనిదే ఓనరు చేతికివ్వను. తాడేపల్లిగూడెంలో టూవీలర్ మెకానిక్కులకి కొదవ లేదు గానీ ఈ పిచ్చి నాకొక్కడికే ఉంది. స్పీడు మీటరు ముల్లు పైకి పోతున్నకొద్దీ కడుపులో ఏదో జారినట్టుంటుంది చూడండి, అదంటే నాకిష్టం. పెళ్ళికి ముందు హైదరాబాదులో రెండేళ్ళు పనిచేశాను. ఆదివారం చర్చి ఎగ్గొట్టి రోలర్ కోస్టర్ ఎక్కడానికి పోయేవాణ్ణి. ఒకరోజు ఏడుసార్లు ఎక్కాను. కిందకి దిగి వాంతులు చేసుకునేవాళ్ళని చూసి నవ్వేవాణ్ణి కూడా. భయపడేవాళ్ళంటే నాకు జాలి కంటే చిరాకు ఎక్కువ. ఇంత లావు ఇనుముని పెట్టుకుని నమ్మరేంటి వీళ్ళు అనుకునేవాణ్ణి.

ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. మొన్న మే నెలలో నేను చేసిన పనికి మూలం ఆ చిరాకే.

ఇందు నన్ను చేసుకునేనాటికి తనకి తొమ్మిదేళ్ళ కూతురుంది. పేరు జ్యోత్స్న. మొదటి భర్త కామెర్లతో పోయాడు. వాళ్ళది మండవల్లి అవతల కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వానాకాలం వస్తే చుట్టూ నీళ్ళే. పెళ్ళయ్యాక ఇందు తాడేపల్లిగూడెం వచ్చి ఒక చిన్న స్కూల్లో ఎల్కేజీ పిల్లలకి టీచరుగా చేరింది. జ్యోత్స్న మాత్రం అమ్మమ్మ రత్నమాణిక్యం దగ్గరే ఉండిపోయింది. ఊళ్ళో బడి అయిదో తరగతి వరకే. ఆరో తరగతికి పిల్లని మన దగ్గరికి తెచ్చుకుందామండీ అని ఇందు పెళ్ళైన వారానికే నాతో మాట తీసుకుంది. రెండేళ్ళు ఆ మాట మీదే బతికింది. మాకున్నది రెండు గదులు. రెండో గదికి గులాబీ రంగు వేయించి, కిటికీకి పరదా కుట్టి, అందులో నా టూల్ బాక్సు కూడా పెట్టనిచ్చేది కాదు.

నాకూ ఆ పిల్ల రావాలనే ఉండేది. నిజంగానే ఉండేది. కానీ మా ఇద్దరికీ మాట కలిసేది కాదు. నన్నేమని పిలవాలో తేల్చుకోలేక తను ఏమీ పిలిచేది కాదు. మాట చివర "అండీ" ఒక్కటే. అన్నం పెట్టమంటారా అండీ, బండి తుడవమంటారా అండీ. వేరేవాళ్ళకైతే ముద్దొచ్చేది, నాకు మాత్రం ఎవరో చుట్టాల పిల్లని తెచ్చిపెట్టుకున్నట్టుండేది.

వేసవి సెలవులకి వచ్చింది. పదిరోజులు ఉంటే అలవాటు పడుతుంది, జూన్‌లో ఇక్కడే చేర్పించేయొచ్చు అని ఇందు ఆశ. ఏడో రోజున ఏలూరులో ఎగ్జిబిషన్ పెట్టారని తెలిసి ముగ్గురం బండి మీద బయల్దేరాం. పిల్లని సంతోషపెట్టే పని ఒకటి నా చేతిలోకి వచ్చిందని దారంతా ఈల వేస్తూనే ఉన్నాను.

సాయంత్రం ఆరింటికే లైట్లు వేశారు. జ్యోత్స్న మొహమంత ఢిల్లీ అప్పడం తింది. గాజులు కొనుక్కుంది. అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతూ తిరిగింది. అంతవరకూ బాగుంది. తర్వాత నాకు కొలంబస్ కనపడింది. అదొక పెద్ద ఇనప పడవ. నడుమున ఇరుసుకి వేలాడుతూ ఇటూ అటూ ఊగి ఊగి, చివరలు రెండూ కరెంటు స్తంభాల పైదాకా లేస్తాయి. మెకానిక్కుని కదా, ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. బోల్టులు బిగువుగా ఉన్నాయి. బేరింగుల దగ్గర గ్రీజు తాజాగా ఉంది. మోటారు చప్పుడు శుభ్రంగా ఉంది. నా మట్టుకు నాకు ఇంకేం అక్కర్లేదు.

"ఎక్కుదామా?" అన్నాను.

జ్యోత్స్న దాని చివర ఎంత ఎత్తుకి పోతోందో తలెత్తి చూసింది. "మీరెక్కండి. నేను అమ్మ దగ్గరుంటానండి."

"కొల్లేటి పిల్లవి, నీకు పడవంటే భయమేంటమ్మా? అమ్మమ్మని దోనెలో నువ్వే తిప్పుతావంట కదా."

"అది వేరండి."

"ఏం వేరు? అదీ పడవే, ఇదీ పడవే. ఇది మునగదు కూడాను."

"బలవంతం చెయ్యకండీ పిల్లని," అంది ఇందు. ఆ మాట నవ్వుతూ అంది. తర్వాత చాలా రోజులు నేను ఆ నవ్వునే అడ్డం పెట్టుకున్నాను. నిజంగా వద్దనుకుంటే నవ్వదు కదా అని.

పిల్ల వాళ్ళమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి "సరేనండి" అంది.

చివరి వరసలో కూర్చోబెట్టాను. మధ్యలో కూర్చుంటే ఉయ్యాల ఊగినట్టుంటుంది, చివర కూర్చుంటేనే మజా. ఒళ్ళో అడ్డంగా ఇనప కడ్డీ దించారు. ఆపరేటరు కింద లివరు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. సన్నగా, నడివయసు మనిషి. ఇలాంటి చోట్ల ఒక పద్ధతి ఉంటుంది. కింద క్యూ లేకపోతే, రౌండు అయిపోయి పడవ నెమ్మదించే ముందు ఆపరేటరు చివరి వరస వైపు చూస్తాడు. ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఇంకో రౌండు తిప్పుతాడు. చెయ్యి అడ్డంగా ఊపితే ఆపేస్తాడు. చివర కూర్చున్నవాళ్ళు చాలన్నారంటే ఇక అందరికీ చాలని లెక్క.

పడవ లేచింది. అందరూ కేకలు. నేనైతే గొంతు చిరిగేలా అరిచాను. పైకి పోయి ఒక్క క్షణం ఆగి, కిందకి జారేటప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ నాకు దేవుడు దగ్గరగా వచ్చినట్టనిపించేది చర్చిలో కాదు, ఇలాంటి చోటే. ఆ సంతోషంలో పక్కకి తిరిగి చూశాను. జ్యోత్స్న నిటారుగా కూర్చుని ఉంది. రెండు చేతులూ కడ్డీ మీద. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మూసుకుని ఉంది. ముందు వరసలో మీసాలొచ్చిన కుర్రాళ్ళు "ఆపండి బాబోయ్" అని ఏడుస్తున్నారు. ఈ పిల్ల నోట్లోంచి ఒక్క చప్పుడు లేదు.

నాకు గర్వమేసింది. గట్టి పిల్ల, నాలాంటిదే అనుకున్నాను. నాలాంటిది అని ఆ పిల్ల గురించి అనుకోవడం అదే మొదటిసారి. లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. పడవ నెమ్మదిస్తోంది. ఆపరేటరు మా వైపు చూశాడు. నేను వేలెత్తాను.

పిల్లని అడగలేదు. అడగాలని తోచలేదు.

రెండో రౌండు అయ్యాక కడ్డీ తీశారు. జ్యోత్స్న మెట్లు సరిగ్గానే దిగింది. పది అడుగులు సరిగ్గానే నడిచింది. ఇందు ఎదురొచ్చి "ఎలా ఉంది తల్లీ?" అంటుండగా అక్కడే దుమ్ములో చతికిలబడింది. గౌను తడిసిపోయి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. చుట్టూ జనం. ఇందు చీర కొంగు విప్పి నడుం చుట్టూ కప్పి ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల వణుకుతోంది గానీ ఏడవడం లేదు. కొత్త గాజుల్లో రెండు విరిగి ఉన్నాయి. కడ్డీని ఎంత గట్టిగా పట్టుకుందో అప్పుడు తెలిసింది.

"రెండుసార్లు ఎందుకు తిప్పాడండీ వాడు? చిన్నపిల్ల ఉందని చూసుకోడా?" అంది ఇందు. ఆమె ఎవరినీ వాడు అనదు. చీమని తోలినా మెల్లగా తోలే మనిషి.

నేనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. దానికి బదులు గిరుక్కున తిరిగి ఆపరేటరు దగ్గరికి పోయాను. చొక్కా పట్టుకున్నాను.

"చిన్నపిల్లలు కూర్చుంటే రెండో రౌండు ఎలా తిప్పుతావయ్యా? మనిషివేనా?"

అతను బిత్తరపోయాడు. "అదేంటండి, మీరే కదండీ వేలు..."

"నోరు ముయ్," అని అరిచాను. ఆ మాట ఇందు చెవిన పడకూడదని ఇంకా గట్టిగా అరిచాను. జనం పోగయ్యారు. అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత నా భుజం మీంచి ఇందుని, ఆమె ఒళ్ళో పిల్లని చూశాడు. అంతా అర్థమైపోయింది అతనికి. చొక్కా విడిపించుకోలేదు. ఇందు వైపు తిరిగి దణ్ణం పెట్టి "తప్పైపోయిందమ్మా, చూసుకోలేదు" అన్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు. ఎవరి తప్పో తెలిసి కూడా నెత్తిన వేసుకున్నాడు. నేను చొక్కా వదిలేసి, పెద్దమనిషిలాగా, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు అని బుద్ధి చెప్పి మరీ వచ్చాను.

మర్నాటి నుంచీ జ్యోత్స్న మామూలుగానే ఉంది. తిన్నది, స్నానం చేసింది, అడిగినదానికి సమాధానం చెప్పింది. మూడో రోజు మాత్రం వాళ్ళమ్మతో "అమ్మమ్మ ఒక్కర్తే ఉంటుందమ్మా, నేను అక్కడే చదువుకుంటాను" అంది. ఇందు బతిమాలింది. ఎగ్జిబిషన్‌కి ఇంకెప్పుడూ తీసుకెళ్ళం అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది తప్ప ఇంకో కారణం చెప్పలేదు. జూన్‌లో మండవల్లి హైస్కూల్లో చేరింది. ఇందు గులాబీ గది తలుపు మూసేసింది. ఊడవడానికి తప్ప తెరిచేది కాదు. కొన్నాళ్ళకి తనే నా టూల్ బాక్సు తీసుకెళ్ళి ఆ గదిలో పెట్టింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

తిట్టేది ఆపరేటరునే. మాటల్లో ఎప్పుడు జ్యోత్స్న ప్రస్తావన వచ్చినా "ఆ మనిషి రెండోసారి తిప్పకపోతే ఈపాటికి పిల్ల మన దగ్గరుండేదండీ" అనేది. నేను అన్నం కలుపుకుంటూ తలూపేవాణ్ణి. జూలైలో ఒక ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉండగా పక్కనుంచి ఇందు ప్రార్థన వినపడింది. "ప్రభువా, ఆ మనిషిని క్షమించే మనసు నాకియ్యి" అంటోంది. కన్నీళ్ళు పెట్టుకుని అడుగుతోంది. నేను ఆమేన్ అన్నాను. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

ఆ మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో వెతికేవాణ్ణి, ఇలాంటివి ఎక్కితే ఒకరికి సంబరం, ఒకరికి నరకం ఎందుకని. ఒక వీడియోలో డాక్టరు చెప్పాడు, గుండె ఇద్దరికీ ఒకేలా కొట్టుకుంటుందట, చెమట ఇద్దరికీ ఒకేలా పడుతుందట. నాకేం కాదులే అని మనసుకి నమ్మకం ఉన్నవాడికి ఆ దడే ఆనందమట. లేనివాడికి అదే దడ చావట. విని, బల్బు వెలిగినట్టు తలూపాను. నా నమ్మకం బోల్టుల మీద, గ్రీజు మీద. ఆ పిల్లకి బోల్టు సంగతి ఏం తెలుసు? అయినా ఒకటి అర్థం కాలేదు. భయమేస్తే ఎవరైనా అరుస్తారు కదా, ఈ పిల్ల ఎందుకు అరవలేదు? అరిచి ఉంటే నేను వేలెత్తేవాణ్ణి కాదు. సిగ్గు లేకుండా ఈ మాట కూడా అనుకున్నాను. తప్పులో కొంత పిల్ల వాటాగా వేద్దామని చూశాను.

సెప్టెంబరులో వానలు గట్టిగా పడ్డాయి. లంకకి పోయే రోడ్డు మునిగింది. జ్యోత్స్నకి రెయిన్‌కోటు, నోటు పుస్తకాలు పంపాలి. స్కూల్లో పరీక్షలు, పేపర్లు దిద్దే పనితో ఇందుకి ఆదివారం కూడా తీరిక దొరకలేదు. నన్ను వెళ్ళమంది. ఏలూరు, కైకలూరు మీదుగా మండవల్లి దాకా బండి మీద పోయాను. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు నిండి గట్లు తాకుతున్నాయి. రోడ్డు నీళ్ళలోకి దిగిపోయిన చోట బండి ఆపాను. ఆదివారం మధ్యాహ్నం. అక్కడ దోనెలో గెడ పట్టుకుని జ్యోత్స్న నిలబడి ఉంది.

"అమ్మ ఫోన్ చేసిందండి. రండి," అంది.

తాటిదోనె అంటే మీకు తెలుసో లేదో, తాటిమొద్దు తొలిచి చేస్తారు. మనిషి పట్టేంత వెడల్పే ఉంటుంది. నేను కాలు పెట్టగానే ఒక పక్కకి ఒరిగింది. కూర్చున్నాక కూడా ఊపిరి తీసుకుంటే కదులుతోంది. బిగించిన బోల్టు లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. నాకు ఈత రాదు. పిల్ల గెడ వేసి నెట్టింది. ఒడ్డు దూరమైంది. గంటకి వంద మీద పోయే నాకు, మనిషి నడక కంటే నెమ్మదిగా పోతున్న ఆ దోనెలో కాళ్ళు చల్లబడ్డాయి. గుర్రపుడెక్క ఆకుల గుంపు తగిలి ముందుభాగం ఊగింది. "అమ్మో" అని గట్టిగా అరిచి పక్కకి వాలాను. నీళ్ళు లోపలికి వచ్చాయి.

"అరవకండి. కదలకండి," అంది జ్యోత్స్న. గొంతు మెల్లగానే ఉంది. "దోనెలో భయమేస్తే నోరు మూసుకుని, గట్టిగా పట్టుకుని, నిటారుగా కూర్చోవాలండి. ఒకళ్ళు అరిస్తే అందరూ కదులుతారు. తిరగబడుద్ది. మాకు చిన్నప్పుడే చెప్తారు."

నేను నోరు మూసుకున్నాను. అంచులు పట్టుకున్నాను. నిటారుగా కూర్చున్నాను. అలా కూర్చున్నాక నాకు తెలిసింది, ఆ రోజు నా పక్కన ఆ పిల్ల ఎలా కూర్చుందో. ముందు వరస కుర్రాళ్ళు అరిచి బతికిపోయారు. ఈ పిల్ల, వాళ్ళ ఊళ్ళో నేర్పినట్టు, పడవలో అందరి ప్రాణం కాపాడుతున్నాననుకుని అరుపు మింగింది. దాన్ని చూసి నేను గట్టి పిల్ల అనుకున్నాను.

దోనె ఆగింది. చూస్తే జ్యోత్స్న గెడని అడుగున గుచ్చి పట్టుకుని ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండి. మీ మొహం తెల్లగా అయిపోయింది. నీళ్ళు నడుం లోతే. కాసేపాగి వెళ్దాం."

ఆపమని నేను అడగలేదు. నా మొహం చూసి ఆపింది. నాలుగు నెలల నుంచీ గొంతులో ఉన్నది ఇక ఆగలేదు.

"జ్యోత్స్నా, ఆ రోజు రెండోసారి తిప్పమన్నది ఆపరేటరు కాదమ్మా. నేను వేలెత్తాను. మీ అమ్మకి చెప్పకుండా అతని మీద అరిచాను. తప్పు నాది."

పిల్ల నీళ్ళ వైపు చూస్తూ ఉంది. "తెలుసండి," అంది.

"ఎలా తెలుసు?"

"పక్కనే ఉన్నాను కదండీ. మీరు వేలెత్తడం చూశాను."

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అమ్మ మీతో దెబ్బలాడి వచ్చేస్తదండి. మళ్ళీ ఒక్కర్తే అయిపోద్ది. నాన్న పోయినప్పుడు చూశాను కదండీ, రోజూ ఏడ్చేది." గెడ మీద చేతులు మార్చుకుంది. "అక్కడుంటే ఎప్పుడో ఒకప్పుడు నా నోట్లోంచి వచ్చేస్తదని భయమేసిందండి. అందుకే నేనే వచ్చేశాను."

అమ్మమ్మ ఒక్కర్తే ఉంటుందన్న మాట నాకు గుర్తుంది. అది నమ్మి నేను ఎంత నిశ్చింతగా పడుకున్నానో కూడా గుర్తుంది. పదకొండేళ్ళ పిల్ల నా అబద్ధాన్ని కాపాడటానికి తల్లిని వదులుకుని, రోజూ ఆరుమైళ్ళు పోయి చదువుకుంటోంది. చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దోనె కదిలింది. ఆ పిల్ల గెడతో సరిచేసింది.

"అమ్మకి చెప్తాను," అన్నాను. "నువ్వు వద్దంటే చెప్పను. నువ్వేమంటావమ్మా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. తొందరపెట్టలేదు నేను.

"చెప్పండి," అంది. "నాకు దాచడం చేతకావట్లేదండి."

ఇక్కడే, ఇప్పుడే చెప్పకపోతే ఒడ్డెక్కాక నాకు ధైర్యం ఉండదు. నా సంగతి నాకు తెలుసు. ఒక చెయ్యి అంచు మీంచి తీసి జేబులోంచి ఫోను తీశాను. ఇందు మొదటి రింగుకే ఎత్తింది.

"చేరారా అండీ? పిల్ల ఎలా ఉంది?"

"పిల్ల బాగుంది, ఇందూ. నేనొకటి చెప్పాలి. మధ్యలో ఆపకుండా విను," అన్నాను. దోనె ఊగకుండా జ్యోత్స్న గెడని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది.